బ్యాకప్ విజయవంతం, ఫైళ్ళు మాత్రం లేవు

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని మన సామెత. టొరంటో చుట్టుపక్కల చిన్నాచితకా ఆఫీసులకి వెళ్ళి "మీ బ్యాకప్‌లు సరిగ్గా నడుస్తున్నాయా?" అని అడగడం నా వృత్తిలో ఒక భాగం. అలాంటివాణ్ణి 2024 జనవరిలో ఆ తొట్టిలో నిండా మునిగాను. నాతోపాటు ఒక పెద్దాయన జ్ఞాపకాలు కూడా మునిగిపోబోయాయి. ఆ కథా, దాని వెనకున్న సాంకేతిక విషయాలూ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇంట్లో నాస్ పెట్టె పెట్టుకుని, అందులో తెలుగు పేర్లతో ఫైళ్ళు దాచుకునేవాళ్ళు ముఖ్యంగా చదవాలని నా మనవి.

మాస్టారి కేసెట్లు

మిసిసాగాలో కూతురి దగ్గర ఉంటున్న మాస్టారు తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. 2019లో చూసిపోదామని వచ్చి, కోవిడ్ వల్ల ఇక్కడే ఉండిపోయారు. సూట్‌కేసులో సగం బరువు కేసెట్లే. వాళ్ళమ్మగారి పాటలు, వాళ్ళ నాన్నగారి హరికథలు, పెళ్ళిళ్ళలో ముత్తయిదువులు పాడిన అప్పగింతల పాటలు, మొత్తం అరవై రెండు. 2020 వేసవంతా ఆయన ఒక పాత టేపు రికార్డరుని లాప్‌టాప్‌కి తగిలించి, ఒక్కొక్క పాటా విని, విడగొట్టి, ఫైలుగా దాచారు.

ఫైలుకి పేరు పెట్టడంలో మాస్టారిది బడిపంతులు పద్ధతి. పేరు చదివితే లోపల ఏముందో, ఎవరిదో, ఎప్పటిదో తెలియాలి. కీబోర్డు మీద తెలుగు కొట్టడం ఆ వయసులో నేర్చుకుని మరీ పెట్టారు. మచ్చుకి ఒక పేరు: "1982 సంక్రాంతి పండుగ నాడు మా అమ్మ వంటింట్లో పాడిన మంగళహారతి". దీని చివర మామూలుగా ఉండే ఎంపీ3 తోక. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

2021లో వాళ్ళమ్మాయి, నేను అక్కా అని పిలుస్తాను, రెండు డిస్కుల నాస్ పెట్టె ఒకటి కొనింది. అమర్చే పని నామీద పడింది. రెండు డిస్కులనీ అద్దంలో బొమ్మలా ఒకదానికొకటి నకలుగా ఉండే రెయిడ్ 1 పద్ధతిలో పెట్టాను. బేస్‌మెంటులో రూటరు పక్కన కూర్చోబెట్టి, మాస్టారి పేరున షేర్డ్ ఫోల్డరు తెరిచాను.

అంతటితో ఆగలేదు. రెయిడ్ బ్యాకప్ కాదని మనందరికీ తెలుసు. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ బర్క్‌లీ నుంచి రెయిడ్ మీద పత్రం రాసినప్పుడు చెప్పింది డిస్కు పోయినా పని ఆగకుండా ఉండడం గురించే. పొరపాటున చెరిపేసిన ఫైలుని అది కాపాడదు. రెండు డిస్కుల్లోంచీ ఒకే క్షణంలో శ్రద్ధగా చెరిపేస్తుంది. పైగా 2013 డిసెంబరు మంచు తుఫానులో టొరంటోలో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, కొన్ని ఇళ్ళకి రోజుల తరబడి రాలేదు. కాబట్టి ఇంకో నకలు ఇంకో ఇంట్లో ఉండాలనుకుని, బ్రాంప్టన్‌లో మా ఇంట్లో ఉన్న నాస్ మీద ఒక ఫోల్డరు కేటాయించాను. పరాయివాళ్ళ ఇంటి సంగతులు నా డిస్కు మీద ఉంటాయి కదా, మర్యాదగా ఉంటుందని ఆ ఫోల్డరుని ఎన్‌క్రిప్ట్ చేశాను. రోజూ రాత్రి రెండింటికి ఆర్‌సింక్ నడిచి, కొత్త ఫైళ్ళని అక్కడినుంచి ఇక్కడికి తెచ్చేటట్టు చిన్న స్క్రిప్టు రాశాను. పొద్దున్నే "బ్యాకప్ విజయవంతం" అని నాకూ అక్కకీ మెయిలు వచ్చేది. రెండేళ్ళకి పైగా ఒక్కరోజు తప్పకుండా వచ్చింది.

2022లో వాళ్ళు ఇల్లు మారారు. సామాన్లు సర్దుతుంటే కేసెట్ల పెట్టె బయటపడింది. బూజు పట్టి, టేపులు చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి. "ఇవి ఇంకెందుకు మాస్టారూ, అన్నీ రెండుచోట్ల భద్రంగా ఉన్నాయి కదా" అన్నది నేనే. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. కేసెట్లు చెత్తబండిలో వెళ్ళిపోయాయి.

ఆ రాత్రి జరిగింది

2024 జనవరిలో నాస్ పెట్టె కీచుమని అరిచింది. ఒక డిస్కు పోయింది. రెయిడ్ ఉన్నది ఇందుకే కదా అని ధైర్యంగా కొత్త డిస్కు కొనుక్కెళ్ళి వేశాను. మిగిలిన డిస్కుని పూర్తిగా చదివి కొత్తదాంట్లోకి నకలు తీసే పని మొదలైంది. మూడోవంతు దాటాక ఆ మిగిలిన డిస్కు కూడా చదవలేనంటూ తప్పులు చూపించింది. రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే కొట్లో కొన్నవి, ఒకే చోట ఒకే పని చేసినవి. వాటి వయసూ ఒకటే, అలసటా ఒకటే.

అప్పటికీ నాకు కంగారు లేదు. మా ఇంట్లో నకలుంది. ఇంటికొచ్చి ఫోల్డరు తెరిచాను. మాస్టారి లెక్కపుస్తకం ప్రకారం నాలుగువందల పద్దెనిమిది ఫైళ్ళుండాలి. నూట డెబ్భై ఒకటే ఉన్నాయి.

మొదట అనుమతుల మీద అనుమానపడ్డాను. బ్యాకప్ యూజరుకి కొన్ని ఫైళ్ళు చదివే హక్కు లేదేమోనని ఒక సాయంత్రమంతా పోగొట్టాను. అన్నిటికీ ఒకే హక్కులున్నాయి. తరవాత తెలుగు పేర్లు కదా, యూనికోడ్ తేడా ఏదైనా ఉందేమో అనుకున్నాను. కానీ "అమ్మ", "హరికథ 3" లాంటి పేర్లున్నవి శుభ్రంగా వచ్చాయి. చివరికి ఉన్నవాటి జాబితానీ లేనివాటి జాబితానీ పక్కపక్కన పెట్టి చూస్తే కళ్ళముందే కనిపించింది. మాస్టారు ఇంకా పేరు పెట్టకుండా వదిలేసిన "ట్రాక్ 01", "ట్రాక్ 02" లన్నీ భద్రంగా ఉన్నాయి. ఆయన శ్రద్ధగా, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని రాసి పెట్టుకున్నవే ఒక్కటీ లేవు.

స్క్రిప్టుని పక్కనపెట్టి ఆర్‌సింక్‌ని చేత్తో నడిపాను. తెరమీద ఒకే వాక్యం వందలసార్లు వచ్చింది: "ఫైల్ నేమ్ టూ లాంగ్".

అక్షరం ఒకటి, బైట్లు పద్దెనిమిది

అసలు విషయం ఇక్కడుంది. ఫైలు పేరు ఎంత పొడవుండవచ్చు అంటే అందరం 255 అని చెప్తాం. 255 ఏమిటి అన్నది మాత్రం అడగం. విండోస్‌లో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి అది 255 యూటీఎఫ్-16 యూనిట్లు, అంటే ఒక్కొక్క తెలుగు సంకేతానికీ ఒకటి. లినక్సులోనూ, లినక్సు మీద నడిచే చాలా నాస్ పెట్టెల్లోనూ అది 255 బైట్లు.

1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో కూర్చుని రూపొందించిన యూటీఎఫ్-8 లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడుతుంది, తెలుగు సంకేతానికి మూడు బైట్లు. పైగా మనం ఒక అక్షరం అనుకునేది యూనికోడ్‌కి ఒకటి కాదు. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరు దృష్టిలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు సంకేతాలు, అంటే పద్దెనిమిది బైట్లు. అదే మాటని ఇంగ్లీషు లిపిలో రాస్తే అయిదో ఆరో బైట్లతో సరిపోతుంది.

ఇప్పుడు మాస్టారి మంగళహారతి పేరు లెక్కపెడదాం. తెలుగు సంకేతాలు నలభై ఏడు, వాటికి 141 బైట్లు. అంకెలూ ఖాళీలూ ఎంపీ3 తోకా కలిపి 16. మొత్తం 157. విండోస్ లెక్కలో ఇది 63 మాత్రమే, కాబట్టి లాప్‌టాప్ ఏమీ అనలేదు. మొదటి నాస్ లెక్కలో 157, అది 255 కంటే తక్కువ కాబట్టి అదీ ఏమీ అనలేదు. మా ఇంట్లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరు దగ్గరే చిక్కంతా. అది ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్ అనే పద్ధతి వాడుతుంది. ఆ పద్ధతి ఫైలులోని సరుకునే కాదు, పేరుని కూడా గుప్తంగా మారుస్తుంది. మార్చిన పేరు అసలుదానికంటే బాగా పొడుగవుతుంది. అది 255లో పట్టాలంటే అసలు పేరు 143 బైట్లు దాటకూడదు. అంటే తెలుగులో నలభై ఏడు సంకేతాలు రాసేసరికే 141 అయిపోతుంది. పేరు పక్కన తోక పెట్టడానికి కూడా చోటుండదు.

ఇంగ్లీషులో 143 అక్షరాల పేరు పెట్టేవాళ్ళు అరుదు. అందుకే ఈ హద్దు చాలామంది కంటపడదు. తెలుగులో ఒక మామూలు వాక్యం చాలు.

మరి రోజూ మెయిలు ఎందుకొచ్చింది?

ఇది పూర్తిగా నా తప్పు. ఆర్‌సింక్ నిజాయితీగానే చెప్పింది. కొన్ని ఫైళ్ళు వెళ్ళకపోతే 23 అనే సంఖ్యతో ముగుస్తుంది, అంటే పని పాక్షికంగానే జరిగిందని అర్థం. నేను దాని మాటల్ని పైపు ద్వారా ఇంకో ప్రోగ్రాముకి పంపి లాగ్ ఫైలులో రాయించాను. షెల్లులో మామూలుగా పైపు చివరనున్న ప్రోగ్రాము ఫలితాన్నే మొత్తం ఫలితంగా తీసుకుంటారు. లాగ్ రాసే ప్రోగ్రాము ప్రతిరోజూ తన పని తాను విజయవంతంగా చేసింది. దాన్ని పట్టుకుని నా స్క్రిప్టు విజయవంతం అని మెయిలు కొట్టింది. పైప్‌ఫెయిల్ అన్న ఒక్క అమరిక పెట్టి ఉంటే మొదటిరోజే తెలిసేది. మాస్టర్స్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సు చేసినవాణ్ణి, ఈ పైపుల సంగతి తెలియక కాదు. 2021లో పరీక్షించడానికి నేను వాడిన ఫైలు పేరు "టెస్ట్". అది చక్కగా వచ్చింది, నేను చేతులు దులుపుకున్నాను.

పెద్దవాళ్ళకీ తప్పలేదని సర్దిచెప్పుకోవచ్చు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు సర్వరు మీదే ఫైళ్ళు చెరిపేశాడు. బ్యాకప్‌ల కోసం వెతికితే, డేటాబేసు వెర్షను ఒకటి, బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షను ఒకటి కావడంతో అవి తయారే కావడం లేదని తెలిసింది. విఫలమైందని చెప్పే మెయిళ్ళు బయల్దేరాయి కానీ, సరైన సంతకం లేదని అవతలి మెయిలు సర్వరు వాటిని తిప్పికొట్టింది. వేరే పనికోసం ఆరు గంటల ముందు తీసిపెట్టుకున్న ఒక నకలు వాళ్ళని కాపాడింది. వాళ్ళ విషయంలో చెడ్డ కబురు చేరలేదు. నా విషయంలో మంచి కబురు అబద్ధం. ఫలితం ఒక్కటే.

మీ బ్యాకప్ ఆగితే ఎక్కడ వెతకాలి

షేర్డ్ ఫోల్డర్ల బ్యాకప్ విఫలమైందంటే నేను ఇప్పుడు ఒక వరుసలో వెతుకుతాను. మీకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదటిది, పని ఎవరి పేరున నడుస్తోంది? మీరు లాగిన్ అయినప్పుడు కనిపించే జెడ్ డ్రైవు మీకే కనిపిస్తుంది. రాత్రి రెండింటికి సిస్టమ్ ఖాతా కింద నడిచే బ్యాకప్‌కి అలాంటి డ్రైవు ఉన్నట్టే తెలియదు. "నేను నడిపితే పనిచేస్తుంది, షెడ్యూలు పెడితే చెయ్యదు" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు ఇదే జవాబు. డ్రైవు అక్షరం బదులు రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి దారి ఇవ్వండి. బ్యాకప్‌కి విడిగా ఒక యూజరుని పెట్టండి. మీ పాస్‌వర్డు మార్చుకున్న ప్రతిసారీ అది ఆగిపోకుండా ఉంటుంది.

రెండోది, రెండువైపులా ఒకే భాష మాట్లాడుతున్నాయా? 2017 మేలో వన్నాక్రై పాత ఎస్‌ఎంబీ 1 లోని లోపం పట్టుకుని ప్రపంచమంతా పాకింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్తగా వేసిన విండోస్ 10 లో ఎస్‌ఎంబీ 1 మామూలుగా ఉండదు. అదొక్కటే తెలిసిన పాత నాస్ పెట్టెలు ఒక్కసారిగా కనపడకుండా పోయాయి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషను ప్యాకెట్ల మీద సంతకం అడుగుతుంది, పాస్‌వర్డు లేని గెస్టుగా వెళ్ళనివ్వదు. అప్‌డేట్ అయిన మర్నాడు బ్యాకప్ ఆగితే ముందు ఇది చూడండి. పాత ఎస్‌ఎంబీ 1 ని మళ్ళీ తెరవడం మాత్రం పరిష్కారం కాదు.

మూడోది, ఫైలు ఎవరైనా తెరిచి ఉంచారా? అవుట్‌లుక్ వాళ్ళ పీఎస్‌టీ ఫైళ్ళు, అకౌంటింగు డేటా ఫైళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. నాస్‌లో స్నాప్‌షాట్ సదుపాయం ఉంటే ముందు అది తీసి, ఆ స్నాప్‌షాట్ నుంచి బ్యాకప్ చెయ్యండి.

నాలుగోది, పేర్లు. పొడవు సంగతి చెప్పాను. పేరుని యూటీఎఫ్-8 లోకి మార్చి బైట్లు లెక్కపెట్టే పైథాన్ స్క్రిప్టు నాలుగు లైన్లలో అయిపోతుంది, మీ ఫోల్డర్ల మీద ఒకసారి నడపండి. మనవాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. తెలుగు గుణింతంలో ఐత్వాన్ని యూనికోడ్ రెండు రకాలుగా ఒప్పుకుంటుంది, ఒకే సంకేతంగానూ, ఎత్వమూ దానికింద ఐత్వపు గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైళ్ళ పేర్లని రెండో పద్ధతిలో విడగొట్టి దాస్తుంది. విండోస్‌లో కొట్టిన "హైదరాబాద్" ఫోల్డరూ, మ్యాక్ నుంచి వచ్చిన "హైదరాబాద్" ఫోల్డరూ కంటికి ఒకటే, లినక్సుకి రెండు. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపిస్తే కళ్ళు నలుపుకోకండి. ఆర్‌సింక్‌లో ఈ మార్పిడికి ఐకాన్వ్ అనే ఆప్షను ఉంది.

అయిదోది, కబురు మోసేదెవరు? 2022 మే 30న గూగుల్ మామూలు పాస్‌వర్డుతో మెయిలు పంపే పాత పద్ధతిని ఆపేసింది. జీమెయిలు ఖాతాతో హెచ్చరికలు పంపే నాస్ పెట్టెలు చాలావాటి నోరు అలా మూతపడింది. మెయిలు రాకపోవడం మంచి కబురు కాదు. వచ్చినా, ఎన్ని ఫైళ్ళున్నాయి, ఎన్ని వెళ్ళాయి అన్న రెండు అంకెలు అందులో లేకపోతే అది ఉత్త శుభలేఖ.

దూరంగా ఒక నకలు

పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మీరు వినే ఉంటారు. మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంకోచోట. క్లౌడ్ ఒక్కటే చాలనుకునేవాళ్ళకి 2022 జులై 8 గుర్తుచేస్తాను. ఆ రోజు రోజర్స్ నెట్‌వర్కు పడిపోయి కెనడా అంతటా ఫోన్లూ ఇంటర్నెట్టూ డెబిట్ కార్డులూ ఆగిపోయాయి. క్లౌడ్‌లో నకలు క్షేమంగానే ఉంది, చేరే దారే లేదు.

సంస్థలు కూడా ఈ పాఠం నేర్చుకుంటూనే ఉన్నాయి. మనలో ఎంతమందిమో పాత తెలుగు పుస్తకాలు దింపుకున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు తరవాత మూతపడింది. ఆ పుస్తకాలు చాలావరకు ఇవాళ మనకి దొరుకుతున్నాయంటే, వాటి నకళ్ళు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరినందువల్లే. ఆ ఆర్కైవ్ కూడా 2016 నవంబరులో తన సేకరణకి ఒక నకలు కెనడాలో ఉంచుతామని ప్రకటించింది.

ఇక మాస్టారి పాటలు

తప్పులు చూపిస్తున్న డిస్కుని నాస్‌లోంచి తీసి, లినక్సు కంప్యూటరుకి తగిలించి, డీడీరెస్క్యూతో చదివించాను. చదవగలిగినంతా ముందు తీసుకుని, మొరాయించిన చోట మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది ఆ ప్రోగ్రాము. నాలుగు రోజులు పట్టింది. రెండువందల నలభై ఏడులో ఆరు తప్ప అన్నీ దక్కాయి. ఆ ఆరింటిలో నాలుగు, తెనాలిలో మాస్టారి తమ్ముడుగారి దగ్గరున్న ఒక పెన్‌డ్రైవులో దొరికాయి. మిగిలిన రెంటిలో ఒకటి ఆ మంగళహారతి. మధ్యలో ఒక ఇరవై సెకన్లు లేదు. ఆ చోట డిస్కు నుంచి సున్నాలే వచ్చాయి.

మాస్టారికి చెప్పడానికి వెళ్ళినప్పుడు జరిగిందంతా దాచకుండా చెప్పాను, కేసెట్లు పారేయమన్నది నేనేనని కూడా. ఆయన ఏమీ అనలేదు. పాట పెట్టమన్నారు. మధ్యలో నిశ్శబ్దం రాగానే, తల వంచుకునే, ఆ రెండు చరణాలూ తాను పాడారు. పాట మళ్ళీ మొదలయ్యాక ఆపేశారు. అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

కాసేపయ్యాక, పేర్లు కాస్త పొట్టివి చేద్దామా అని అడిగాను.

"పొట్టిగా పెడితే ఎవరిదో ఎవరికి తెలుస్తుంది నాయనా? రేపు నేనుండను. ఆ పేరు చదివే కదా పిల్లలు తెలుసుకోవాలి" అన్నారు.

ఆయన మాటే నిజం. మార్చవలసింది నా ఏర్పాటుని. ఇప్పుడు ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరు తీసేసి, రెస్టిక్ అనే ప్రోగ్రాము వాడుతున్నాను. బోర్గ్ కూడా ఇలాంటిదే. ఇవి ఫైళ్ళనీ వాటి పేర్లనీ ముక్కలు చేసి, తామే గుప్తం చేసి, తమ సొంత మూటల్లో కట్టి దాస్తాయి. ఆ మూటల పేర్లు పొట్టివి కాబట్టి అవతలి డిస్కుకి మాస్టారి పేర్ల పొడవుతో పనిలేదు. రెండు నాస్‌లలోనూ డిస్కులు వేరువేరు కంపెనీలవి, వేరువేరు నెలల్లో కొన్నవి. మూడో నకలు పోర్టబుల్ డిస్కు మీద తెనాలికి వెళ్ళింది.

ఇంకొకటి మార్చాం. నెలలో మొదటి ఆదివారం మాస్టారు ఫోన్ చేసి తనకి తోచిన పాట ఒకటి అడుగుతారు. నేను దాన్ని నాస్ నుంచి కాకుండా బ్యాకప్ నుంచే వెనక్కి తెచ్చి ఆయనకి పంపాలి. పంపగానే ఆయన మొదటినుంచి చివరిదాకా విని, సరిపోయిందని చెప్తారు. ఇంతకంటే మంచి రిస్టోరు పరీక్ష నా క్లయింట్లలో ఎవరి దగ్గరా లేదు. మీరూ ఈ ఆదివారం మీ బ్యాకప్ నుంచి మూడు ఫైళ్ళు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. అన్నిటికంటే పాతది ఒకటి, కొత్తది ఒకటి, అన్నిటికంటే పొడుగు పేరున్నది ఒకటి.

పోయిన నెల మాస్టారు అడిగిన ఫైలు కొత్తది. ఆయన స్వయంగా రికార్డు చేసుకున్నారట. పేరు: "1982 మంగళహారతిలో పోయిన రెండు చరణాలు, అమ్మ పాడిన వరసలోనే, నా గొంతుతో". బైట్లు నేను లెక్కపెట్టలేదు. ఫైలు వచ్చింది.